నేను ఏమీ కొనని అంగడి

పెనుకొండ దాటి బెంగుళూరు రోడ్డు మీద పోతూ ఉంటే ఎడమ చేతి వైపు రేకుల షెడ్లు వరసగా కనిపిస్తాయి. పాత ఇళ్లు పడగొట్టినప్పుడు వచ్చిన తలుపులు, టేకు స్తంభాలు, ఇత్తడి గంగాళాలు, మోగని రేడియోలు, రోళ్లు, తిరగలి రాళ్లు అన్నీ అక్కడ అమ్ముతారు. వాటిలో మూడో అంగట్లో నేను ఏడేళ్లుగా ఏమీ కొనడం లేదు.

కొనకపోవడం అంటే ఇంట్లో కూర్చుని కొనకపోవడం కాదు. ఆ పని ఎవరైనా చేస్తారు. నేను పనిగట్టుకుని అనంతపురం నుంచి కారులో బయలుదేరి, భార్యను వెంటబెట్టుకుని, పులిహోర డబ్బా, నీళ్ల సీసా పెట్టుకుని అంత దూరం పోయి, గంటన్నర సేపు ఆ అంగట్లో నిలబడి, ఏమీ కొనకుండా వెనక్కి వస్తాను. రెండు మూడు నెలలకు ఒకసారి, ఆదివారం నాడు. ఆదివారమైతే రద్దీగా ఉంటుంది. నా వల్ల వాళ్లకు కలిగే ఇబ్బంది పూర్తిగా కలుగుతుంది.

దీనికి కారణం ఒక కుర్చీ. మొదటిసారి పోయినప్పుడు నాకు మోకాలి నొప్పి. అక్కడ నల్లచేవ కుర్చీ ఒకటి ఖాళీగా ఉంటే కూర్చున్నాను. అంగడాయన వెనక నుంచి వచ్చాడు. నాకంటే పదేళ్లు చిన్నవాడు, చెవిలో పెన్సిలు.

"లెయ్యన్నా," అన్నాడు. "అది కూచునే కుర్చీ కాదు, అమ్మే కుర్చీ. బెంగుళూరోళ్ల కోసరం పెట్టింది. నీకు కూచునేదానికైతే పక్కన టీ అంగడి కాడ బెంచీ ఉండాది."

ఆ మాటలో తప్పేమీ లేదని నా భార్య ఆ రోజు నుంచీ అంటూనే ఉంది. బెంచీ ఉన్నది నిజమే. కుర్చీ అమ్మేదన్నదీ నిజమే. కానీ నేను కొనేవాణ్ని కానని అతనికి ఎవరు చెప్పారు? నా చొక్కా చెప్పిందా, నా చెప్పులు చెప్పాయా? కారు దిగేటప్పుడే మూడు వస్తువులైనా కొనాలని అనుకుంటూ దిగాను. ఇకమీదట ఈ అంగట్లో ఒక మేకు కూడా కొననని అక్కడే, ఆ కుర్చీలోంచి లేస్తూనే ఒట్టు పెట్టుకున్నాను.

నాకు ఇట్లాంటివి మరుపు రావు. మా పెదనాయన కూతురి పెళ్లిలో నా విస్తరి దాటి పక్క విస్తరిలో ఓళిగ వేసిన వడ్డనవాడికి మెడ మీద ఎడమ వైపు పుట్టుమచ్చ ఉంది. అది జరిగి నలభై ఏళ్లయింది. పెళ్లికొడుకు ముఖం నాకు గుర్తులేదు.

మొదటి ఏడాది నా పద్ధతి చాలా సాదాగా ఉండేది. అంగట్లో ఉన్న ప్రతి వస్తువు ధరా అడిగేవాణ్ని. ఆయన చెప్పేవాడు. నేను "ఓహో" అనేవాణ్ని. ఎక్కువ అనేవాణ్ని కాదు, తక్కువ అనేవాణ్ని కాదు. బేరం ఆడనివాడితో ఏం మాట్లాడాలో మా సీమలో ఏ వ్యాపారికీ తెలియదు. నాలుగైదు ఓహోలకే ఆయన ముఖం మాడిపోయేది. నాకు ఆ పూట అన్నం బాగా సయించేది.

రెండో ఏడాది ఇంకొంచెం ముందుకు పోయాను. వచ్చిన గిరాకీలకు నిజం చెప్పడం మొదలుపెట్టాను. బెంగుళూరు నుంచి వచ్చిన ఒకావిడ పొట్ట లావుగా, మూతి వెడల్పుగా ఉన్న ఇత్తడి పాత్ర చేతిలో పట్టుకుని, అందులో పూలు పెడితే భోజనాల బల్ల మీద ఎంత బాగుంటుందో భర్తకు చెబుతోంది. నేను దగ్గరికి పోయాను.

"అమ్మా, అది పూలకు కాదు," అన్నాను. "వక్కాకు నమిలి అందులో ఉమ్మేవాళ్లు."

ఆమె పాత్ర వైపు చూసింది. నా వైపు చూసింది. "ఎవరు ఉమ్మేవాళ్లు?" అంది.

"పళ్లు లేని ముసలోళ్లు," అన్నాను. "మంచం కింద ఉండేది. పొద్దున్నే కోడలు కడిగేది."

ఆమె గబగబా పాత్ర కింద పెట్టేస్తుందని నేను అంగడాయన వైపు తిరిగి నిలబడ్డాను, ఆయన ముఖం చూడడానికి. ఆమె భర్తను పిలిచి ఆ సంగతంతా ఇంగ్లీషులో చెప్పి, అట్లాంటిదే ఇంకొకటి ఉందా అని అడిగింది. రెండూ కొనుక్కుని పోయింది.

ఆ తర్వాతి సారి పోయేసరికి అంగడాయన ఇంకెవరికో అదే సంగతి చెబుతూ ఉన్నాడు. నా మాటలే. కాకపోతే నేను చెప్పిన పళ్లు లేని ముసలోళ్లు మూడు నెలల్లో పాళెగాళ్లు అయిపోయారు. కడిగే కోడలు దాసీ అయింది. పశువులకు కుడితి పోసే రాతి తొట్టి గురించి, వడ్లు కొలిచే పడి గురించి, చంటిపిల్లకు ఆముదం తాగించే ఉగ్గుగిన్నె గురించి నేను చెప్పినవన్నీ అట్లాగే వాడుకుంటున్నాడు. నేను నష్టం చేయడానికి చెప్పిన ప్రతి మాటా వాళ్లకు లాభమైంది. నేను పోయినప్పుడల్లా ఆయన "రా అన్నా, రా" అని ఎదురు రావడం మొదలుపెట్టాడు. పగ తీర్చుకునేవాడికి అంతకంటే అవమానం ఉండదు. అయినా నేను మానలేదు. మానితే వాళ్లు గెలిచినట్లు.

ఈ ఏడు ఆషాఢంలో, మబ్బు పట్టి కూడా వాన ఎగ్గొట్టిన ఒక ఆదివారం, ఆ అంగడి వెనక గోడకు ఆనించి కపిల గిలక కనిపించింది.

కరెంటు మోటార్లు రాకముందు మా వైపు బావుల్లోంచి నీళ్లు కపిలతోనే తోడేవాళ్లు. రెండు ఎద్దులు పల్లంగా తవ్విన బాటలో మోకు లాగుతూ కిందికి పోతే, బావిలోంచి నీళ్ల బాన నిండుగా పైకి వచ్చి కాలువలో పడేది. ఎద్దులు వెనక్కి నడుచుకుంటూ ఎక్కితే బాన మళ్లీ దిగేది. ఆ మోకు బావి ఒడ్డున ఒక పెద్ద కొయ్య చక్రం మీద నడిచేది. అదే గిలక. మాది కుందుర్పి దగ్గర పల్లె. మా బావికీ ఒకటి ఉండేది. బోరు వేసినాక అది కొట్టంలో పడింది. మా అన్న తన కూతురి నామకరణానికి దాన్ని పొయ్యిలో పెట్టాడు. "తుమ్మ చెక్క, బాగా మండె," అని నాకు ఆ రోజు పంక్తిలో చెప్పాడు. పెట్టేముందు అడగలేదు.

ఇప్పుడు గోడకు ఆనుకుని ఉన్నది కూడా తుమ్మ చెక్కదే. రెండు చేతులా పొదివి పట్టుకునేంత ఉంది. చక్రం ఆకులు ఆరూ గట్టిగా ఉన్నాయి, నడుమ ఇనుప ఇరుసు ఉంది, మోకు నడిచిన గాడి అరచేతి లాగా నున్నగా అరిగి ఉంది. దాన్ని చూడగానే నాకు కావాలనిపించింది. ఇల్లు, కారు, మోకాలికి మంచి డాక్టరు, ఇవేవీ నేను అంతగా కోరుకోలేదు.

నేను వెంటనే దానికి వీపు తిప్పి నిలబడ్డాను. గంగాళం ధర అడిగాను. తలుపు ధర అడిగాను. ముందు సారి అడిగిన దీపపు సెమ్మె ధర మళ్లీ అడిగాను. నా భార్య నా పక్కకు వచ్చింది.

"దాన్ని చూడకుండా ఉండేదానికి నువ్వు పడే తిప్పలు చూస్తే ఆయప్ప ధర రెండింతలు చేస్తాడు," అంది.

"దేన్ని?" అన్నాను.

"నీ మెడ కొంగ మెడ మాదిరి తిరుగుతాండాది. కావాలంటే నేను కొంటా. ఒట్టు నీది, నాది కాదు కదా."

"ఒక ఇంట్లో ఇద్దరికీ ఒకటే ఒట్టు," అన్నాను.

"అయితే నేను పోయిన ఏడాది ఈడ అట్లకాడ కొన్యా. అది మన ఇంట్లోనే ఉండాది," అని చెప్పి పక్కకు పోయింది. ఆ అట్లకాడతో ఏడాదిగా నేను దోసెలు తింటున్నాను. ఈ సంగతి ఇంకా తేల్చుకోవలసి ఉంది.

అంగడాయన మెల్లగా నా దగ్గరికి వచ్చాడు. "ఏమన్నా, ఈ పొద్దు అన్నిటి ధర అడిగినావు. ఆ గిలకది ఒక్కటే అడగల్యా."

ఇక దాచి లాభం లేదనిపించింది. "నేను నీ అంగట్లో ఏమీ కొననప్పా. ఎందుకో నీకు తెలుసు," అన్నాను.

"తెలీదన్నా. ఏడేండ్లుగా మా ఇంట్లో అదే మాట. ఈయప్ప వస్తాడు, పోతాడు, ఏమీ కొనడు, ఎందుకో తెలీదు అని."

"ఆ నల్లచేవ కుర్చీలో కూచుంటే లెయ్యమన్యావు. టీ అంగడి కాడ బెంచీ ఉందన్యావు."

ఆయన పెన్సిలు చెవిలోంచి తీసి, తల గోక్కుని, చాలాసేపు ఆలోచించాడు. "నేనా?" అన్నాడు. "యాడ అన్యానన్నా? ఎప్పుడు?"

ఏడేళ్లు నేను మోసిన మాట అన్నవాడికి గుర్తు లేదు. తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు.

"అనింటానులే," అన్నాడు ఆఖరికి. "ఆ పొద్దు ఏ బేరం చెడినిందో ఏమో. మనసులో పెట్టుకోవద్దన్నా."

అనింటానులే అన్నది ఒప్పుకోలు కాదు. అనుండకపోవచ్చు అని కూడా దానికి అర్థం. అదే ఆయనకు చెబుదామని నోరు తెరిచాను. అంతలోనే తెల్ల కారు ఒకటి వచ్చి ఆగింది. దాంట్లోంచి దిగినాయన నేరుగా గిలక దగ్గరికి పోయాడు. నంది హిల్స్ వైపు ఎక్కడో రిసార్టు కట్టిస్తున్నాడట. తెలుగువాడే, కానీ బెంగుళూరులో పుట్టిన తెలుగు.

"ఇది ఏమి, బండి చక్రమా?" అని అడిగాడు. "గాజు వేసి టేబుల్ చేసేస్తే సూపర్ ఉంటుంది."

దీన్ని ఎట్లాగైనా చెడగొట్టాలి అనుకున్నాను. ఉమ్మే పాత్ర దగ్గర నేర్చుకున్న పాఠం ఆ క్షణంలో నాకు గుర్తు రాలేదు.

"బండి చక్రం కాదు సార్," అన్నాను. "బావి గిలక. ఇది ఇంట్లో ఉంటే నిద్ర పట్టదు. అరుస్తుంది."

"అరుస్తుందా? ఎట్లా?"

చూపించకపోతే నమ్మడని, ఇరుసుకు రెండు వైపులా రెండు రోళ్లు జరిపించి, వాటి మీద నిలబెట్టి తిప్పాను. ఎండిపోయిన చెక్క, తుప్పు పట్టిన ఇరుసు. లోపలి నుంచి లేగదూడ తల్లిని పిలిచినట్లు అరిచింది. షెడ్డులో ఉన్నవాళ్లందరూ ఇటు తిరిగారు. నా భార్య కూడా తిరిగింది. నేను తిప్పడం ఆపలేకపోయాను. చెప్పడం కూడా ఆపలేకపోయాను.

మా అవ్వ గిలకకు నూనె పెట్టనిచ్చేది కాదు. ఇంట్లో ఆముదం లేక కాదు. బావి ఇంటికి దూరం. గిలక అరుస్తూ ఉంటే నాయన కపిల తోలుతున్నట్లు, అరుపు ఆగితే చింత చెట్టు కింద పడుకున్నట్లు. అవ్వ ఇంట్లో రాగులు విసురుతూ చెవి అటే పెట్టుకుని ఉండేది. నాయనకు నిద్రంటే ప్రాణం. ఒక రోజు ఎద్దులను మేతకు వదిలేసి, గిలక ఆకుకు తాడు కట్టి, రెండో కొన కాలి బొటనవేలికి తగిలించుకుని, చెట్టు కింద పడుకుని లాగుతూ వదులుతూ ఉన్నాడు. గిలక బ్రహ్మాండంగా అరుస్తోంది. అవ్వ కాసేపు విని, విసరడం ఆపి, చీపురు తీసుకుని బావి దగ్గరికి బయలుదేరింది. ఎందుకంటే నిండు బాన పైకి వచ్చేటప్పుడు గిలక బరువుగా, సాగదీసి మూలుగుతుంది. ఖాళీ బాన దిగేటప్పుడు తేలిగ్గా, గబగబా కూస్తుంది. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. నాయన వేలితో లాగిన అరుపులన్నీ పొట్టివే. నీళ్లు లేని అరుపు అని అవ్వకు వంట గదిలోంచే తెలిసిపోయింది. నాయన చీపురు దెబ్బలు తింటూ కూడా బొటనవేలికున్న తాడు విప్పుకోలేక గిలకను అరిపిస్తూనే ఉన్నాడట. ఊరంతా ఆ పొద్దు మా బావిలో నీళ్లు పుష్కలంగా పడుతున్నాయని అనుకున్నారట.

నేను చెప్పడం ఆపేసరికి రిసార్టాయన నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంటున్నాడు. "టేబుల్ వద్దు," అన్నాడు. "గేటు దగ్గర కట్టిస్తాను. అరవాలి. ఎంత?"

అప్పుడు అంగడాయన ఒక పని చేశాడు. పెన్సిలు చెవిలో పెట్టుకుని, "అది అమ్మేది కాదు సార్, ఈ అన్నకు ఇచ్చేసినాం," అన్నాడు. నా వైపు తిరిగి, అందరి ముందరా, "తీస్కపో అన్నా. దుడ్లు వద్దు, ఏమీ వద్దు. తీస్కపో," అన్నాడు.

"వద్దప్పా," అన్నాను.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా వైపు ఎవరైనా ఏదైనా ఇస్తామంటే మొదట వద్దు అనాలి. మజ్జిగ ఇచ్చినా, మామిడిపండ్లు ఇచ్చినా, బండిలో ఎక్కమన్నా అంతే. మొదటి పిలుపుకే సరే అన్నవాణ్ని ఆశపోతు అంటారు. ఇచ్చేవాడికీ అది తెలుసు. అందుకే రెండోసారి అడుగుతాడు, చెయ్యి పట్టుకుంటాడు, నా మీద ఒట్టు అంటాడు. అప్పుడు తీసుకోవాలి. నేను చిన్నప్పటి నుంచి నేర్చుకున్నది అదే. కాబట్టి వద్దన్నాను. అని, ఆయన చెయ్యి పట్టుకోవడానికి వీలుగా చెయ్యి కొంచెం ముందుకు పెట్టుకుని నిలబడ్డాను.

ఆయన నా ముఖంలోకి చూశాడు. "సరే అన్నా, నీ ఇష్టం," అన్నాడు. రిసార్టాయన వైపు తిరిగి ధర చెప్పాడు.

ఇరవై ఏళ్లు బెంగుళూరోళ్లతో వ్యాపారం చేసినవాడికి వద్దు అంటే వద్దు అనే అర్థమైపోయింది. ఐదు నిమిషాల్లో గిలక తెల్ల కారు వెనక భాగంలో పడింది. సగం బయటికి వచ్చి, తలుపు మూతపడక, తాడుతో కట్టారు. తాడు ముడి సరిగ్గా లేదని నేనే పోయి మళ్లీ కట్టాను.

ఇంటికి వచ్చే దారిలో మర్రిమాకులపల్లె దాటేసరికి నా భార్య పులిహోర డబ్బాకు మూత పెట్టింది. తర్వాత, "వద్దంటివి కదా," అంది.

"ఒక్కసారే అడిగినాడు," అన్నాను.

"ఒట్టు పెట్టుకున్యోడివి కదా. రెండోసారి అడిగింటే తీసుకుందువా?"

"ఊరికే ఇస్తే కొన్నట్లు కాదు."

"ఓహో," అంది ఆమె. ఆ ఓహో ఎంత మంటగా ఉంటుందో నాకు ఏడేళ్లకు తెలిసింది.

వారం రోజులు నిద్ర పట్టలేదు. తర్వాతి ఆదివారం మూడు నెలలు ఆగకుండానే పోయాను. పోగానే అడిగాను. "ఏమప్పా, ఇంకొక్కసారి అడిగింటే నీ నోట్లోంచి ముత్యాలు రాలునా?"

ఆయనకు ముందు అర్థం కాలేదు. అర్థమైనాక పెద్దగా నవ్వాడు. "అయ్యో, మాయవ్వ కూడా అంతేనన్నా. అన్నం తింటావా అంటే వద్దంటుంది. పెట్టకపోతే మూడు దినాలు మాట్లాడదు. నువ్వు చదువుకున్యోడివి, వద్దంటే వద్దేమో అనుకుంటి."

అంతటితో ఆగలేదు. కుందుర్పి అవతల ఒక పల్లెలో ఒకాయన కొట్టంలో ఇంకో గిలక ఉందని, ఈ వారంలో తెప్పిస్తున్నానని చెప్పి, "కావల్నా అన్నా?" అని అడిగాడు.

నా నోరు నా మాట వినదు. "వద్దులేప్పా," అంది.

ఆయన తల ఊపి, స్తంభాలు చూస్తున్న గిరాకీ వైపు పోయాడు. నేను అక్కడే నిలబడ్డాను. గంగాళం మూతి ఎంత వెడల్పు ఉందో జానతో కొలిచాను. మోగని రేడియో మర తిప్పాను. నా భార్య కారులో కూర్చుని పులిహోర తినేసింది. ముప్పావు గంటకు ఆయన ఆ గిరాకీని పంపించి, నా వైపు వస్తూ వస్తూ, నవ్వు ఆపుకుంటూ అడిగాడు. "నిజంగా వద్దా అన్నా?"

"నువ్వు ఇంతగా అడుగుతాంటే ఏం చెప్పేదప్పా," అన్నాను. "సరే. కానీ నీ అంగట్లోకి తేవద్దు. దీని లోపల నేనేమీ కొనను. ఆ కొట్టం కాడికే పోదాం. ఆడనే కొంటా."

"అంత దూరమా? ఈడికి వస్తే ఏమన్నా?"

"ఒట్టు ఒట్టే."

మరుసటి రోజు ఆయన టెంపోలో కుందుర్పి వైపు పోయాం. డ్రైవరు పక్కన నేను, నా పక్కన ఆయన. దారంతా ఆయన చెవిలో పెన్సిలు నా చెంపకు గుచ్చుకుంటూనే ఉంది. కొట్టంలో పేడ, ఎలుకలు, శనక్కాయ పొట్టు గోనెల వెనక గిలక. ఒక ఆకు విరిగి ఉంది. పోయిన దాని కంటే చిన్నది. ఇంటి ముసలాయనతో అంగడాయన బేరమాడాడు. దుడ్లు మాత్రం నేను నా చేత్తో ఆ ముసలాయనకే ఇచ్చాను. మధ్యవర్తిగా ఆయనకు ఏం ముట్టాలో అది వేరే ఇచ్చాను. అది కొనడం కాదు, కూలి.

టెంపోలో ఎక్కిస్తూ ఆయన అన్నాడు. "ఇంగ ఊరంతా చెప్పుకో అన్నా, ఆ అంగట్లో నేను ఒక మేకు కూడా కొనల్యా అని."

చెప్పుకుంటున్నాను.